తెర మీది బొట్టు

మా బడికి డిజిటల్ బోర్డు వచ్చిన రోజు దానికి జరిగిన మర్యాద నా పెళ్లిలో నాకు కూడా జరగలేదు. గద్వాల నుంచి ట్రాలీ ఆటోలో అట్టపెట్టెతో సహా దిగింది. అప్పటికే హెడ్మాస్టరు గారు తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గేటు దగ్గర నిలబడి ఉన్నారు. దాన్ని గోడకు బిగించేసరికి కొబ్బరికాయ, అగరుబత్తులు, పసుపు, కుంకుమ అన్నీ సిద్ధం. కొత్త ట్రాక్టరుకు ఎట్లా చేస్తారో అట్లాగే చేశారు. తెర చుట్టూ ఉన్న నల్లటి చట్రానికి నాలుగు వైపులా తడి పసుపు పట్టించి, దాని మీద నిండుగా కుంకుమ బొట్లు పెట్టారు. ఆయన వేలు లావు, భక్తి ఇంకా లావు. బొట్లు కూడా ఆ లెక్కనే పడ్డాయి.

నేను ఆ బడిలో సాంఘికశాస్త్రం చెప్తాను. ఇల్లు వనపర్తిలో, ఉద్యోగం ధరూర్ మండలంలో కృష్ణ ఒడ్డు పల్లెలో. రోజూ గద్వాల దాకా బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో. ఆ ప్రయాణంలోనే నా ఓపిక సగం ఖర్చయిపోతుంది. మిగతా సగం పిల్లలు హాజరు పలికేలోపు తినేస్తారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా పిల్లలంటారు. అబద్ధం, ముక్కు కంటే ముందే వస్తుంది.

బోర్డు మీద మొదటి పాఠం నాదే. మ్యాపు తెరిచి, మన జిల్లా ఇదిగో అని గద్వాల మీద వేలు పెట్టాను. మ్యాపు సర్రున జారి శ్రీలంక దాటి సముద్రంలో పడింది. వెనక్కి లాగాను. ఈసారి పైకి పరిగెత్తి హిమాలయాల్లో ఆగింది. నేను చెయ్యి తీసేసినా దాని ఆట ఆగలేదు. ఎవరూ ముట్టుకోకుండానే పేజీలు తిరుగుతున్నాయి, అక్షరాలు పెద్దవై చిన్నవవుతున్నాయి. పిల్లలకు అంత మంచి పాఠం నేను ఎన్నడూ చెప్పలేదు.

"టీచర్, దానికి గాలి సోకింది" అన్నాడు ముందు బెంచీవాడు.

హెడ్మాస్టరు గారు వచ్చి చూసి, "దిష్టి తగిలిందమ్మా. మొన్న ఊరంత వచ్చి చూసిరి గద" అని నిమ్మకాయ, మిరపకాయలు దారానికి గుచ్చి బోర్డు పై అంచుకు వేలాడదీయించారు. ఫ్యాను గాలికి నిమ్మకాయ తెర ముందు అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. దాని వెంటనే భారతదేశం కూడా అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. పిల్లలు నవ్వలేక బెంచీల మీద పడిపోయారు. నేను నవ్వు ఆపుకోవడానికి అరిచాను, అరవడానికి వీల్లేక నవ్వాను.

చివరకు గద్వాలలో ఉండే మెకానిక్కుకు ఫోను చేసి నా పరేషానంతా అతని నెత్తిన కుమ్మరించాను. అతను ఓపిగ్గా విని ఒక్కటే అడిగాడు.

"మేడం, ఫ్రేముకు బొట్లు గిట్ల పెట్టిన్రా?"

ఆ చట్రం లోపలి అంచుల్లో నుంచి కంటికి కనపడని వెలుగు అటునుంచి ఇటు పోతుంటుందట. వేలు దానికి అడ్డం వస్తే ఎక్కడ ముట్టుకున్నామో బోర్డుకు తెలుస్తుందట. హెడ్మాస్టరు గారి పసుపు కుంకుమలు ఎండి అంచుల్లో పేరుకునేసరికి, నాలుగు వైపుల నుంచి ఎవరో వేళ్లు నొక్కి పట్టుకుని వదలడం లేదని అది అనుకుంటోంది. పైన నిమ్మకాయ కూడా ఒక వేలే దానికి.

"ఏ బడికి పోయిన ఇదే కత మేడం. నా బ్యాగుల తడిబట్ట ఇందుకే పెట్టుకుంట. అంతగ పెట్టాల్ననిపిస్తె అద్దం మీద పెట్టుకోండ్రి, ఏం గాదు. ఫ్రేముకు మాత్రం వద్దు" అన్నాడతను.

చివరి మాట నా బుర్రకెక్కలేదు. బొట్టు అనే మాట మీదే నాకు మండిపోయి ఉంది. పాత టూత్‌బ్రష్ తెచ్చి అంచులన్నీ తోమి, పక్కనే ఉన్న నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాశాను: 'ఈ బోర్డుకు బొట్టు పెట్టినవారికి గోడకుర్చీ.' హెడ్మాస్టరు గారు ఆ రాత చదివి ముఖం చిన్నబుచ్చుకున్నారు.

"ఆయుధపూజ నాడు గూడ వద్దంటవా అమ్మా?"

"వద్దు సార్."

"ఒక్కటి, చిన్నది."

"సార్!"

ఆయన మెత్తటి మనిషి. వచ్చే ఏడు రిటైరవుతారు. ఆ తర్వాత బోర్డు దగ్గరకు వచ్చినప్పుడల్లా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు, నాకు భయపడి.

బోర్డు దారికొచ్చాక అసలు చిక్కు మొదలైంది. దాంతో పాటు తయారు చేసిన వీడియో పాఠాలు బోలెడు వచ్చాయి. మీట నొక్కితే చాలు, ఒకామె చక్కటి చీర కట్టుకుని వచ్చి, అచ్చుపుస్తకంలా మాట్లాడుతుంది. తప్పు పోదు, తుమ్ము రాదు. మొదటి వారం పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. రెండో వారం అవే నోళ్లు ఆవులించాయి. నేను కుర్చీలో కూర్చుని ఆమెనే చూస్తున్నాను. ఆమె చెప్తుంటే నాకెందుకు జీతమని ఎవరైనా అడుగుతారేమోనని కాస్త గుబులు కూడా పుట్టింది.

అప్పుడు నాకు బిజినేపల్లి గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అక్కడి బడిలో ఒక్క మ్యాపు కూడా ఉండేది కాదు. వరండాలో ముగ్గుపిండితో భారతదేశం గీసి, పిల్లలను నదుల వెంట నడిపించేదాన్ని. కృష్ణ వెంట వచ్చే పిల్ల తుంగభద్ర వెంట వచ్చే పిల్లవాడి చెయ్యి పట్టుకోవాలి, పట్టుకుని ఇద్దరూ కలిసి సముద్రం దాకా పోవాలి. సిగ్గుపడి చెయ్యి పట్టుకోకపోతే నది ఎండిపోయిందని మిగతావాళ్లు గోల చేసేవారు. తర్వాత పెద్దమందడికి బదిలీ అయ్యాను. అక్కడ గ్లోబు ఉండేది కానీ బీరువాలో తాళం వేసి ఉండేది. ఏడాదికోసారి తీసి చూపించి మళ్లీ లోపల పెట్టేవారు. ముగ్గుపిండి మ్యాపు పిల్లలకు గుర్తుండిపోయింది, ఆ గ్లోబు ఎవరికీ గుర్తున్నట్టు లేదు. వేలు పెట్టనిస్తేనే పిల్లలకు ఏదైనా వస్తుందని నాకు అప్పుడే తెలుసు. చీర కట్టుకున్నామె మాయలో పడి కొన్నాళ్లు మరిచిపోయాను, అంతే.

పదో తరగతిలో వలసల పాఠం వచ్చింది. ఆ వీడియో పెట్టాను. ఆమె వచ్చి "వలస అనగా" అని మొదలుపెట్టింది. పాలమూరు పిల్లలకు వలస అనగా ఏమిటో స్టూడియోలో నిలబడి చెప్తోంది. నేను బోర్డు ఆపేసి అడిగాను.

"మీ అమ్మానాయినలు ఏడున్నరు? వచ్చి ఈ మ్యాపు మీద వేలు పెట్టుండ్రి."

ఒకడు "పూణె" అన్నాడు. పూణెలో ఎక్కడరా అంటే "పూణె దగ్గర" అన్నాడు. ఇంకో పిల్ల "బెంగుళూరు" అని, కాసేపాగి, "బెంగుళూరు అవుతల" అంది. రాష్ట్రాల రాజధానులన్నీ గడగడా చెప్పే పిల్లలు, తమ అమ్మ ఈ పూట ఎక్కడ అన్నం తింటోందో చూపించలేక తలలు దించుకున్నారు. నాకు చాలా బాధేసింది.

ఆ సాయంత్రం నుంచి వాళ్లకు ఒకటే పని. ఫోనుల్లో అమ్మానాయినలను పట్టుకుని, ఉన్నచోటు ఎక్కడో ఫోను నుంచే పంపించమని ప్రాణం తీశారు. ఒక్కొక్కటే రావడం మొదలైంది. వచ్చిన ప్రతి చోటునూ ఆ పిల్లో పిల్లవాడో వచ్చి తన చేత్తోనే మ్యాపు మీద ఎర్ర గుర్తు పెట్టాలి. పెట్టాక మా ఊరి నుంచి అక్కడికి దారి చెప్పాలి. ఏ ఊళ్లో రైలు మారాలి, ఏ నది దాటాలి, అక్కడ ఏ భాష మాట్లాడతారు, వానలు ఎప్పుడు పడతాయి, మన ఊళ్లో పని లేకపోతే అక్కడ ఎందుకుంది. పాఠంలో ఉన్నవన్నీ వాటంతట అవే వచ్చాయి, లేనివి కూడా వచ్చాయి. పిల్లలు దానికి 'మనోళ్ల మ్యాపు' అని పేరు పెట్టారు. లెక్కల సారు పీరియడులో కూడా అదే తెరవమని అడిగి తిట్లు తిన్నారు.

అందరి గుర్తులూ పడ్డాయి, ఒక్క అమ్మాయిది తప్ప. వెనక బెంచీలో కూర్చునే పిల్ల. తల్లీతండ్రీ సెంట్రింగు పనికి పూణె వైపు పోయారు, రెండేళ్లు నిండని తమ్ముడు వాళ్లతోనే ఉన్నాడు. ఈమె ఊళ్లో నాయనమ్మ దగ్గర ఉంటుంది. నాయనమ్మను అవ్వ అంటుంది. వాళ్ల నాయనకు ఫోనులో వీడియోలు చూడటం వచ్చు కానీ ఉన్నచోటు పంపడం రాదు. "ఏడున్నవు నాయినా అంటె, ఈడనే ఉన్న బిడ్డా అంటడు టీచర్" అని నవ్వింది.

అయినా వదల్లేదు. రోజూ తండ్రికి ఫోను చేసి, పైఅంతస్తు మీద నిలబడితే ఏం కనిపిస్తుందో అడిగి తెలుసుకునేది. ఒక దిక్కు గుండ్రటి నీళ్ల ట్యాంకు, ఒక దిక్కు రైలు పట్టాలు, వాటికి అవతల గుట్ట. మధ్యాహ్న భోజనం చేసి, చేయి కడుక్కుని నేరుగా బోర్డు దగ్గరకు వచ్చేది. ఆకాశం నుంచి తీసిన బొమ్మలో రైలు పట్టాల వెంట వేలు జరుపుకుంటూ పోయేది. ఒక మధ్యాహ్నం నన్ను స్టాఫ్‌రూము నుంచి చెయ్యి పట్టి లాక్కెళ్లింది. ట్యాంకు ఉంది, పట్టాలున్నాయి, గుట్ట ఉంది. వాటి మధ్యలో ఉత్త బీడు.

"మా నాయిన కట్టే బిల్డింగు ఇంక ఇందుల లేదు టీచర్. ఈ ఫొటో తీసినంక మొదలువెట్టిన్రు" అంది.

నాకు గర్వంతో ఒళ్లు పులకరించింది. మ్యాపు చదవడం ఇంత బాగా నేను కూడా నేర్పలేదు. శభాష్ అని వీపు తట్టి, ఇంత కష్టపడి వెతకడం ఎందుకే, మీ నాయన దసరాకు వస్తాడు కదా, అప్పుడు అడిగితే సరిపోయేది కదా అన్నాను.

"దసరా అయినంక నన్ను తోల్కపోతున్నరు టీచర్. తమ్మునికి నడక వచ్చింది. వాన్ని చూస్కోనీకె మనిషి కావాలెనంట. అందుకే, నేను ఏడుంటనో ముందే చూస్కుంటున్న."

ఆ మాట చెప్పి ఆ పిల్ల మామూలుగానే గుట్టను పెద్దది చేసి చూస్తోంది, దాని మీద గుడి ఉన్నట్టుంది టీచర్ అంటోంది.

ఆ సాయంత్రమే తండ్రికి ఫోను చేశాను. గొడవ పెట్టుకుందామనే చేశాను. ఆయన గొంతు వింటే గొడవ రాలేదు. "పదో తరగతి అని నాకు తెల్వదా టీచరమ్మా? ఏం జెయ్యమంటవు? పిలగాడు ఒక్క తావుల నిలబడ్తలేడు. ఈడ చూస్తె అంత గోతులు, ఇనుము. వాళ్లమ్మ పని ఇడ్సిపెడ్తె మేస్త్రి ఊకుంటడా?" అన్నాడు. తర్వాత అవ్వ దగ్గరకు పోయాను. ఆమె విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలల్లో క్రాసింగు పనికి పోతుంది, మగ పువ్వును ఆడ పువ్వుకు అద్దే పని. వేళ్ల నిండా పుప్పొడి పసుపు. "పొద్దుగాల పూలద్దాలె, మాపటికి మొగ్గలు గిల్లాలె. చంటిపిలగాన్ని ఈడ నేనెట్ల చూద్దు పంతులమ్మా? అక్క ఉండగ తమ్మున్ని వేరేటోళ్లు చూస్తరా?" అని తేల్చేసింది. కోపం తెచ్చుకోవడానికి ఎవరూ దొరక్కపోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

మా బడిలో తల్లిదండ్రుల సమావేశమంటే అవ్వలూ తాతల సమావేశమే. తల్లిదండ్రులు ఊళ్లో ఉంటే కదా. బతుకమ్మ సెలవుల ముందు జరిగే సమావేశానికి వాళ్లందరినీ బోర్డు మీదికి రప్పిద్దామని హెడ్మాస్టరు గారిని అడిగాను. ఆ అమ్మాయి చదువు సంగతి తండ్రి ముఖం చూసి మాట్లాడాలని నా ఆశ. వీడియో కాల్ మధ్యాహ్నం అన్నం వేళ పెడితే వాళ్లకు కూలి పోదు. ఆయన నెట్‌వర్కు గురించి కాసేపు పరేషానై, చివరకు సరేనన్నారు.

ఆ మధ్యాహ్నం తరగతి గది కిటకిటలాడిపోయింది. అవ్వలు కింద చాపల మీద, తాతలు బెంచీల మీద, పిల్లలు కిటికీల్లో. బోర్డు మీద చిన్న చిన్న గళ్లలో ఒక్కొక్క ముఖం తేలుతోంది. తలకు తువ్వాళ్లు, చెంపలకు సిమెంటు, చేతుల్లో అన్నం డబ్బాలు. ఒక గడిలో ఆకాశం మాత్రమే కనిపిస్తోంది, ఎవరో "ఫోను తిప్పురా" అని అరుస్తున్నారు. ఒకాయన చెవికి పెట్టుకుని మాట్లాడుతుంటే ఆయన చెవి ఒక్కటే మాకు దర్శనమిచ్చింది. నవ్వులే నవ్వులు. హెడ్మాస్టరు గారు ఇంత మందిని ఒక్కసారి చూసి, రెండు చేతులూ ఎత్తి తెరకు దండం పెట్టారు.

పిల్లలు ఒక్కొక్కరు మ్యాపు మీద తమ వాళ్ల దారి చెప్పాలని ఏర్పాటు. ఆ అమ్మాయి వంతు వచ్చింది. గద్వాలలో రైలెక్కించింది, రాయచూరులో మార్పించింది, భీమా నది దాటించింది, సోలాపూరు మీదుగా పూణె చేర్చింది. రైలు పట్టాల వెంట వేలు పెట్టి, ట్యాంకు చూపించి, గుట్ట చూపించి, బీడు దగ్గర ఆపి, "నాయినా, నువ్వు ఈడున్నవు" అంది.

చిన్న గడిలో నుంచి ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. "అదే! అదే బిడ్డా! అగో ఆ ట్యాంకి నీళ్లే మేం తాగుతున్నం" అన్నాడు. పక్కన కూర్చున్నవాళ్లను పిలిచి చూపించాడు. చదువు గురించి నేను మాట్లాడటానికి ఇదే అదను అనుకుని మ్యాపు పక్కకు జరిపి, మళ్లీ అందరి ముఖాలూ తెర నిండా తెప్పించాను.

అంతలో చాప మీద నుంచి అవ్వ లేచింది. కొంగు ముడి విప్పింది. అందులో కుంకుమ పొట్లం ఉంది.

"ఏం చేస్తున్నవు పెద్దమ్మా?" అన్నాను.

"నా కొడుకు ఎండకాలం పోయిండు. ఇన్ని నెలలకు ఇగో ఊర్ల కనపడె. ఇంటికొచ్చినోనికి బొట్టు వెట్టొద్దా?"

నాకు కళ్లు ఎర్రబడ్డాయి. బొట్టు వద్దు అని నేను నోరు తెరిచేలోగా ఆమె బోర్డు దగ్గరకు చేరిపోయింది. కుంకుమలో వేలు అద్ది, అన్ని ముఖాల్లో కొడుకు ముఖాన్ని వెతికి పట్టుకుని, పువ్వుకు పువ్వు అద్దే మనిషి కదా, అంత మెత్తగా వాడి నుదుట అద్దింది.

ఆ వేలు తగలగానే ఆ చిన్న గడి పెద్దదై తెర మొత్తం నిండిపోయింది. ఏ ముఖాన్ని ముడితే ఆ ముఖం పెద్దదవుతుందని నాకు తెలుసు, ఆమెకు తెలియదు. కొడుకు ఎదురుగా నిలువెత్తుగా వచ్చేసరికి "అయ్యో నా తండ్రీ" అని రెండడుగులు వెనక్కి వేసింది. గదంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.

కొడుకు ముఖం వెనక ఇప్పుడు అంతా కనిపిస్తోంది. రేకుల షెడ్డు, ఇసుక కుప్ప, పైకి లేచిన ఇనుప చువ్వల స్తంభం. ఆ స్తంభానికి ఒక ఆకుపచ్చ పాత చీర కట్టి ఉంది. చీర రెండో కొస పసివాడి నడుముకు ఉంది. వాడు ముద్దుగా తప్పటడుగులు వేసుకుంటూ ముందుకు వస్తున్నాడు. చీర బిగియగానే ఆగుతున్నాడు. వెనక్కి తిరిగి చూసి, మళ్లీ స్తంభం దాకా పోయి, మళ్లీ వస్తున్నాడు. ఏడవడం లేదు. వాడికి అది అలవాటైపోయింది.

"ఏందిరా అది?" అంది అవ్వ. "నా మనుమన్ని మేకపిల్ల లెక్క కట్టేసినవా? ఫోన్ల అడిగితె మంచిగున్నడు, ఆడుకుంటుండు అంటివి. గిదేనా ఆట?"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. మళ్లీ మా వైపు తిరిగాడు. తల్లి ముందు, ఊరు ముందు, కూతురి బడి ముందు ఆయన ముఖం ఎట్లా అయిందో చెప్పలేను.

"కట్టేయకుంటె బతకడమ్మా" అన్నాడు.

నాకు విపరీతమైన కోపం వచ్చింది. ఆయన మీద కాదు, అవ్వ మీద కాదు. ఇంత కోపం ఎవరి మీద చూపించాలో తెలియక కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎక్కడి నుంచో ఇంకో గడిలోని గొంతు, "మేం గూడ గట్లనే కడ్తం పెద్దమ్మా, ఏం జెయ్యాలె" అంది.

అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పండుగకు వస్తవు గద. పిలగాన్ని తీస్కరా. ఈడ ఇడ్సిపెట్టి పో" అంది.

"నీకు క్రాసింగు పని ఉండె గదమ్మా."

"పొద్దుగాల పూలద్దనీకె పోత. మాపటి పని పోతె పోయె. నా మనుమడు కట్టు మీద ఉంటె ఆ పత్తి నేనేం జేసుకోను?"

అమ్మాయి అవ్వ పక్కకు వచ్చి నిలబడింది. "నాయినా, పొద్దంత వాడు అంగన్‌వాడిల ఉంటడు. బడి పక్కనే. బడి ఇడ్సినంక నేను, అవ్వ చూస్కుంటం. నన్ను పదో తరగతి రాయనియ్యి."

ఆయన పక్కకు చూశాడు. అప్పటిదాకా మాకు కనపడని తల్లి తెరలోకి వచ్చింది. చేతులకు సిమెంటు ఉందని మోచేత్తో ముఖం తుడుచుకుంది. బిడ్డను విడిచి ఉండాల్సింది ఆమె. ఆమె ఒప్పుకోదనే అనుకున్నాను, ఒప్పుకోమని అడిగే ధైర్యం నాకు లేదు. ఆమె కూతురి వైపు చూసింది.

"వాన్ని ఊర్లనే ఉండనీ" అంది భర్తతో. "వాడు ఉరికే ఈడు. ఈడ ఉరకనిస్తలేం గద మనం."

అన్నం వేళ అయిపోయింది. మేస్త్రి విజిలు మా గదిలోకి కూడా వినిపించింది. ముఖాలు ఒక్కొక్కటే ఆరిపోయి, తెర మీద మళ్లీ మ్యాపు మిగిలింది. అవ్వ పెట్టిన బొట్టు మాత్రం అక్కడే ఉంది.

"టీచర్, అవ్వ అరేబియా సముద్రానికి బొట్టు వెట్టింది" అన్నాడు ముందు బెంచీవాడు. ఏడుస్తున్నవాళ్లం అందరం నవ్వేశాం. హెడ్మాస్టరు గారు చేతులు వెనక్కి కట్టుకునే నా పక్కకు వచ్చి, చాలా మర్యాదగా, "అద్దం మీదనే గదమ్మా పెట్టింది. ఫ్రేముకు గాదు గద" అన్నారు. అవ్వకు పడాల్సిన గోడకుర్చీ అప్పటికి వాయిదా వేశాను.

సెలవులైపోయి బడి తెరిచారు. ప్రార్థనలో ఆ అమ్మాయి లేదు. హాజరులో పిలిస్తే పలకలేదు. పోయిందే, తీసుకుపోయారే అనుకున్నాను. ఊళ్లోవాళ్లను అడిగితే వాళ్ల నాయన వచ్చాడనీ, పోయాడనీ చెప్పారే కానీ, ఎవరెవరితో పోయాడో ఎవరికీ తెలియదు. ఆ కోపంలో హోంవర్కు చేసినవాళ్లను కూడా తిట్టాను.

రెండో పీరియడు సగంలో ఉండగా గుమ్మం దగ్గర నీడ పడింది. ఆ పిల్లే. చంకలో తమ్ముడు.

"ఇదేనా వచ్చే టైం?" అని గట్టిగా అరిచాను. సంతోషం వచ్చినా నా నోటి నుంచి అట్లాగే వస్తుంది.

"అంగన్‌వాడి ఆయమ్మ ఇంక రాలే టీచర్. జరంతసేపు వీన్ని ఈడ కూసోబెట్టుకుంట."

"కూసుంటడా వాడు? దించు."

వాణ్ని గుమ్మం దగ్గర దించింది. వాడు గదంతా ఒకసారి కలియజూశాడు. అన్ని ముఖాలు తన వైపే ఉన్నాయని తెలిసి, బెంచీల మధ్య నుంచి బోర్డు వైపు పరుగు తీశాడు. నాలుగైదు అడుగులు వేశాడో లేదో, టక్కున ఆగిపోయాడు. ఎవరూ ఆపలేదు, ఏదీ అడ్డం రాలేదు. తనంతట తనే ఆగి, వెనక్కి తిరిగి, తన నడుము వెనక చూసుకున్నాడు.

పిల్లలు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు సగంలో ఉండగా నాకు ఆ ఆకుపచ్చ చీర గుర్తొచ్చింది.

వాళ్లక్క నవ్వలేదు. ఆమెకు ఇది కొత్త కాదు, ఇంటి దగ్గర పండుగ రోజులన్నీ చూసి ఉంటుంది. వాణ్ని దాటుకుని ముందుకు పోయి, బోర్డు దగ్గర గొంతుక్కూర్చుని రెండు చేతులూ చాపింది.

"రా తమ్మీ. ఏం గాదు. ఇంక రా."

వాడు మళ్లీ ఒకసారి వెనక్కి చూశాడు. ఒక అడుగు వేశాడు. ఆగాడు. ఇంకో అడుగు వేశాడు. తర్వాత ఉరికాడు. అక్క చేతుల్లో పడి, లేచి, మళ్లీ గుమ్మం దాకా ఉరికి, మళ్లీ వచ్చాడు. ఆ రోజు వలసల పాఠం మీద పరీక్ష పెడదామనుకుని వచ్చాను, పెట్టలేదు. బోర్డు కూడా తెరవలేదు. గంట కొట్టేదాకా వాడు ఉరుకుతూనే ఉన్నాడు.